మేక వదిలేసిన మొక్క

"కాస్త మంచి మొక్కలు చెబుదురూ! నీళ్ళు ఎక్కువ అడగకూడదు. ఏడాది పొడుగునా పూయాలి. పురుగు పట్టకూడదు. ఆకులు రాల్చి వాకిలి పాడుచేయకూడదు. అన్నట్టు, మరీ ఎత్తు పెరగకూడదు కూడా."

కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఎవరు కనబడినా నన్ను అడిగేది ఇదే. నేను చెప్పే జవాబూ ఒకటే. అలాంటిది ఉందండీ, ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది, ప్లాస్టిక్‌ది. కాకపోతే దానికీ పండక్కోసారి దుమ్ము దులపాలి.

నవ్వండి గానీ, ఆ కోరికలో తప్పేమీ లేదు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్ళే. పెద్దవాళ్ళకు మోకాళ్ళు వంగవు. తోటమాలి అన్నవాడు ఇవాళ వస్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. బంతి, చామంతి లాంటివి ఏటేటా మళ్ళీ నాటాలి. పెద్ద చెట్లంటే మూడు వందల గజాల స్థలంలో ఎక్కడ పెడతాం? మిగిలినవి పొదలు. ఒకసారి కుదురుకుంటే పదేళ్ళూ పదిహేనేళ్ళూ మన జోలికి రాకుండా ఉండేవి ఇవే. అయితే ఏ పొద? అసలు సంగతంతా అక్కడే ఉంది.

కొనడానికి ముందు ఒక పని చేయండి. మే నెలలో, రోహిణి కార్తె మండిపోతున్నప్పుడు, సాయంత్రం చల్లబడ్డాక మీ పేటలో ఓ చుట్టు తిరిగిరండి. తాళం వేసి ఉన్న ఇళ్ళు చూడండి. మన ఊళ్ళలో వాటికేం కొరత లేదు కదా! అమ్మానాన్నలు అమెరికాలో కూతురి దగ్గరికి పురుడు పోయడానికి వెళ్ళి ఉంటారు, లేదా బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటారు. కుళాయి తిప్పే నాథుడు ఉండడు. కుండీల్లో గులాబీలు ఎండి పుల్లలై ఉంటాయి. పచ్చికైతే చెప్పనే అక్కర్లేదు. కానీ ప్రహరీ పక్కన ఏదో ఒక పొద మాత్రం పచ్చగా ఉంటుంది, మీద పూలు కూడా పూసి ఉంటుంది. దాని పేరు రాసుకోండి. మీ ఎండనూ మీ నేలనూ ఎవరి సాయమూ లేకుండా తట్టుకున్న మొక్క అది. ఏ పుస్తకంలో చదివినా ఇంత నమ్మకమైన మాట దొరకదు.

రెండోది, మేకలు ఎక్కువగా తిరిగే చోటు చూడండి. ఊరి చివర, చెరువు గట్టు, బడి వెనక ఖాళీ స్థలం. కంచె లేకుండా అక్కడ ఏ పొద నిలిచి ఉందో గమనించండి. అడ్డసరం ఉంటుంది, వావిలి ఉంటుంది, గన్నేరు ఉంటుంది. మేక వాటిని వాసన చూసి పక్కకు పోతుంది. అడ్డసరం చేదు. ఆ చేదులో ఉన్న వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను తయారుచేశారు. మన నాయనమ్మలు దగ్గుకు అడ్డసరం ఆకు కషాయం కాచిన సంగతి మీకు తెలిసిందే. వావిలాకు బాలింత స్నానానికి కాగులో వేసేవారు, ధాన్యం గాదెల్లోనూ పరిచేవారు. ఆ వాసనంటే పురుక్కి గిట్టదు. ఈ రెండూ అందానికి పేరుపడ్డవి కావు. కానీ పెరటి మూల, ఎవరూ పోని చోట పెడితే, మళ్ళీ వాటి మొహం చూడకపోయినా ఏమీ అనుకోవు.

గన్నేరు సంగతి వేరే చెప్పాలి. ఎండ, ఉప్పుగాలి, నీటి ఎద్దడి, లారీల పొగ, అన్నిటికీ ఓర్చుకుంటుంది. జాతీయ రహదారుల మధ్య డివైడర్ల మీద దాన్నే వరసగా నాటడానికి కారణం అదే. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు, భీమిలి, మచిలీపట్నం, సూర్యలంక వైపు ఇళ్ళున్నవాళ్ళు కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు. హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ళు వారాంతాల్లో బీచ్‌కని వెళ్ళే గాల్వెస్టన్ దీవి ఉంది చూడండి, దానికి గన్నేరు నగరమనే పేరుంది. 1900లో వచ్చిన ఘోరమైన తుఫానుకు ఆ ఊరు చాలా వరకు తుడిచిపెట్టుకుపోయింది. ఊరిని మళ్ళీ కట్టి, ఇసుక పోసి నేలమట్టం ఎత్తు పెంచాక, ఆ ఉప్పునేలలో నిలిచే మొక్క కావాలంటే అక్కడి మహిళలు ఎంచుకున్నవాటిలో గన్నేరుదే పెద్దపీట.

"ఇంకేం, గన్నేరే పెట్టేస్తాం" అంటారా? ఆగండి. మేక ఎందుకు వదిలేసిందో కూడా ఆలోచించాలి కదా! గన్నేరు ఆకు, పువ్వు, కాడ, వేరు, అన్నీ విషమే. గుండె లయను దెబ్బతీసే విషం. కొట్టేసిన కొమ్మల్ని పొయ్యిలో పెట్టినా ఆ పొగ మంచిది కాదు. పచ్చగన్నేరు కాయలో గింజలూ అంతే. పాకే పిల్లలున్న ఇంట్లో, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే మనవలు సెలవులకు వచ్చే ఇంట్లో, ఆవునో కుక్కపిల్లనో పెంచే ఇంట్లో దీని జోలికి పోకండి. గేటు బయట, రోడ్డువైపు అయితే సరే. కొమ్మలు కొట్టాక చేతులు కడుక్కోండి.

ఎండ దండిగా ఉండి, నీళ్ళు పోసే ఓపిక లేనివాళ్ళకు నేను మొదట చెప్పేది కాగితం పూల మొక్క. బోగన్‌విల్లా అంటే నర్సరీవాళ్ళకు ఇంకా త్వరగా తెలుస్తుంది. దీని కథ ఒకటుంది, విని తీరాలి. 1760లలో ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరాడు. ఓడలో కొమెర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయనకు సాయంగా ఒక కుర్రాడు. 1767లో ఓడ బ్రెజిల్‌లోని రియోలో ఆగినప్పుడు ఈ మొక్కను సేకరించి నాయకుడి పేరు పెట్టారు. ఆ తరవాత బయటపడిందేమిటంటే, ఆ కుర్రాడు కుర్రాడు కాదు, మగవేషంలో ఉన్న జాన్ బారే అనే మహిళ! భూగోళం చుట్టి వచ్చినట్టు మనకు తెలిసిన మొదటి మహిళ ఆవిడే. అప్పట్లో కొమెర్సన్‌కు కాలు బాగాలేదు కనుక, ఒడ్డున తిరిగి ఆ మొక్కను మొదట పట్టుకున్నది ఆవిడే అయ్యుంటుందని కొందరి ఊహ. పేరు మాత్రం నాయకుడికి పోయింది. సరే, మన పెరట్లోకి వద్దాం.

ఈ మొక్క స్వభావం కొంచెం తిరకాసు. మీరు ప్రేమగా రోజూ నీళ్ళు పోసి, పేడ ఎరువు వేసి పెంచితే బ్రహ్మాండంగా ఆకు వేస్తుంది. పువ్వు మాత్రం వేయదు. నేల ఎండి, ఆకు కాస్త వాడి, ఇక ప్రాణం మీదికి వచ్చిందనుకున్నప్పుడు నీళ్ళు పోయండి, విరగబూస్తుంది. "ఎంత చేసినా పూయడం లేదండీ" అని బాధపడేవాళ్ళకు నా సలహా, చేయడం మానేయండి. రోజుకు అయిదారు గంటల ఎండ మాత్రం తప్పదు. ముళ్ళుంటాయి కనుక నడిచే దారి పక్కన వద్దు.

"మాకు అంత ఎండ ఎక్కడిది? పక్కవాళ్ళు నాలుగంతస్తులు లేపారు" అనేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ. మీకు నందివర్ధనం. పొద్దున కాస్త ఎండ తగిలినా చాలు, ఏడాదిలో ఎక్కువ భాగం తెల్లగా పూస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నీళ్ళు దొరికితే ఇంకేం అడగదు. రేక నందివర్ధనం, ముద్ద నందివర్ధనం అని రెండు రకాలు. ముద్దది చూడ్డానికి బాగుంటుంది, పూజకు ఏదైనా ఒకటే. ఎప్పుడైనా ఒక రోజు పొద్దున లేచేసరికి కొమ్మలకు ఆకులు మాయమై ఉంటాయి. వేలెడంత ఆకుపచ్చ పురుగు, తల దగ్గర కళ్ళలాంటి నీలం మచ్చలతో మిమ్మల్ని గుడ్లురిమి చూస్తుంది. కంగారుపడి మందు డబ్బా ఎత్తకండి. అవి నిజం కళ్ళు కావు, పక్షుల్ని బెదిరించే వేషం. కొన్నాళ్ళకు అది పచ్చటి రెక్కల పెద్ద చిమ్మటగా మారి ఎగిరిపోతుంది. నందివర్ధనానికి మళ్ళీ చిగురు వస్తుంది. మరీ ఎక్కువ ఉంటే పుల్లతో తీసి పారేయండి, చాలు.

నీడ ఉన్న చోటికే ఇంకో రెండు. ఒకటి డిసెంబరాలు. ఊదా, తెలుపు, చారల రకం. చలికాలం వచ్చేదాకా అక్కడ ఉన్నట్టే గుర్తుండదు. చలి మొదలవగానే పొదంతా పూలే. పూత అయిపోయాక, ఫిబ్రవరిలో, మోకాలి ఎత్తుకు కోసేస్తే ఏడాది పని పూర్తయినట్టే. రెండోది కనకాంబరం. గోడ నీడలో, రెండు మూడు అడుగుల ఎత్తులో ఒద్దికగా ఉంటుంది. ఎండిన కాయల మీద వాన చినుకు పడగానే అవి టప్పున పేలి గింజల్ని దూరంగా విసురుతాయి. మొక్క ముసలిదయ్యేసరికి దాని పిల్లలు చుట్టూ లేచి ఉంటాయి. కాయ కట్టని ఢిల్లీ కనకాంబరం రకానికి మాత్రం కొమ్మే నాటాలి.

ఇప్పుడు నేల సంగతి. నూరువరహాలు అంటే మోజు పడనివాళ్ళు ఎవరు? కోనసీమలో చూడండి, ఏ సేవా లేకుండా ఎర్రటి గుత్తులతో నిండి ఉంటుంది. అదే మొక్కను కడియం నర్సరీలో కొని కారు డిక్కీలో పెట్టుకుని హైదరాబాదు తెచ్చి, బోరు నీళ్ళు పోశారనుకోండి. కొన్ని నెలలకు ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. నర్సరీవాడు మోసం చేశాడని తిడతాం. పాపం, అతని తప్పేం లేదు. ఆ మొక్కకు కాస్త పులుపు నేల కావాలి. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. సున్నం ఉన్న నేలలో ఇనుము ఉన్నా వేళ్ళు దాన్ని తీసుకోలేవు. వేరుశనగ రైతుల్ని అడగండి, లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమంటారు. చేస్తే ఆకు మళ్ళీ పచ్చబడుతుంది. కానీ కొన్నాళ్ళకు మళ్ళీ చేయాలి, ఆ తరవాత మళ్ళీ. పని తక్కువ ఉండాలని కదా మనం బయల్దేరింది! కోనసీమలో పనిలేని మొక్క హైదరాబాదులో పెద్ద పని పెట్టింది. మొక్క ఒకటే, మారింది నీళ్ళు. అందుకే ఫలానాది సులువైన మొక్క అని ఎవరైనా అంటే, ఎక్కడ అని అడగండి.

నల్లరేగడి ఉన్నవాళ్ళకు ఇబ్బంది ఎండాకాలంలో కాదు, వానాకాలంలో. నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. కాస్త గట్టులా మట్టి ఎత్తి, దాని మీద నాటుకోండి. బిళ్ళగన్నేరు లాంటివి ఎండకు నవ్వుతూ ఉండి వానలకు చచ్చిపోయేది ఇందుకే.

నీళ్ళ తరవాత మనకు ఎక్కువ పని పెట్టేది కత్తెర. నిజానికి పొదల విషయంలో నీళ్ళకన్నా ఇదే ఎక్కువ. పిల్లాడికి చొక్కా కొనేటప్పుడు రెండేళ్ళయినా పట్టాలని ఓ సైజు పెద్దదే కొంటాం. మొక్కకు చోటు చూసేటప్పుడు మాత్రం కవరులో ఉన్న జానెడు మొక్కను చూసి జానెడు చోటే ఇస్తాం. రత్నగంధి ఎనిమిది పది అడుగులు పోతుంది. దాన్ని కిటికీ కింద పెట్టి, ప్రతి నెలా నరుకుతూ, "ఎంత కోసినా పెరుగుతోందండీ, విసుగొస్తోంది" అంటే అది ఏం చేస్తుంది? కిటికీ కిందకు కనకాంబరం, గోడ మూలకు నందివర్ధనం, గేటు బయట ఖాళీలో రత్నగంధి. ఎంత పెరిగినా ఫర్వాలేదనే చోట పెడితే కత్తెర గూట్లోనే ఉంటుంది. వరసగా డురాంటా పెట్టి గోడలా కత్తిరించే కంచెలున్నాయి చూశారూ, పార్కులో బావుంటాయి. అక్కడ జీతమిచ్చి కోయిస్తారు. వానాకాలంలో పదిహేను రోజులు వదిలేస్తే ఆ గోడకు జుట్టు మొలుస్తుంది.

కోత తప్పనప్పుడు ఒక ఉపాయం ఉంది. ఆ పనిని వేరేవాళ్ళకు, వాళ్ళకే తెలియకుండా అప్పజెప్పేయడమే. గోరింట పెట్టండి. నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, కంచెగా పనికొస్తుంది, పూత వాసన వీధి చివరి దాకా వస్తుంది. ఆషాఢం రాగానే వీధిలో ఆడపిల్లలంతా వచ్చి కొమ్మల్ని దూసుకుపోతారు. మీరు పైసా ఖర్చు లేకుండా కత్తిరింపు చేయించుకున్నట్టు. కరివేపాకూ అంతే. వంటమనిషికి ఒక్క మాట చెప్పండి, రెబ్బలు గిల్లకుండా కొమ్మ కొస తుంచమని. తుంచిన చోట పక్క కొమ్మలు వచ్చి పొద గుబురవుతుంది. పొయ్యి మీద పోపు పెట్టిన రోజల్లా మొక్కకు సేవ జరిగిపోతుంది. మందారం కొత్త చిగురు కొసనే పూస్తుంది కనుక వానాకాలం మొదట్లో ఒకసారి కోస్తే చాలు. దానికి పిండినల్లి పడుతుందన్నది నిజమే. తెల్లగా కనబడ్డ మొదటి రోజే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి. ఆగకపోతే లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి చల్లండి. అంత ఓపికా లేదంటారా, మందారం పక్కింట్లో చూసి ఆనందించండి.

మరి ఏమీ అడగనివన్నీ మంచివేనా? కాదు. లాంటానా ఉంది, మన తలంబ్రాల మొక్క. 1807లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అందం కోసమే తెచ్చారు. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎరువు వేయలేదు. ఇవాళ దేశంలో అడవులకు అడవులనే అల్లుకుపోయింది. మొన్నటికి మొన్న కోనోకార్పస్. నాటిన ఏడాదికల్లా పచ్చటి గోడ అన్నారు, రోడ్ల వెంట, గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల వెంట బారులు తీర్చారు. వేళ్ళు మురుగు గొట్టాల్లోకి, కేబుళ్ళలోకి పోతున్నాయని, పుప్పొడి ఇబ్బంది పెడుతోందని ఫిర్యాదులు వచ్చాయి. హరితహారం అనే మొక్కలు నాటే కార్యక్రమంలో దాన్ని విరివిగా నాటిన తెలంగాణలోనే తరవాత వద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. మరీ ఉచితంగా వచ్చే సులువు దగ్గర కాస్త అనుమానం పెట్టుకోవడం మంచిది.

"పొదలంటే పాములొస్తాయి కదండీ?" అని అడగబోతున్నారు, నాకు తెలుసు. పాము పొద కోసం రాదు, ఎలక కోసం వస్తుంది. పొద అడుగున అడుగు ఎత్తు వరకు కొమ్మలు తీసేసి నేల కనబడేట్టు ఉంచండి, గోడవార చెత్తా ఇటుకలూ పేర్చకండి. భయం చాలా వరకు తగ్గుతుంది. వాస్తు సంగతి అంటారా, పాలు కారే మొక్కలు ఇంటిముందు వద్దంటారు కొందరు. నందివర్ధనం తుంచి చూడండి, పాలే. గుడి ముందు అదే ఉంటుంది. మీరూ మీ సిద్ధాంతిగారూ తేల్చుకోండి.

ఇక నాటడం. ఎండల్లో కొనకండి. మృగశిర కార్తె దాటి, రెండు మూడు వానలకు నేల తడిశాక నాటితే వచ్చే వేసవికల్లా వేరు లోతుకు పోతుంది. అడుగున్నర గొయ్యి, తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. కవరు చింపి తీసేయండి. దాంతోనే పాతేసేవాళ్ళను చాలామందిని చూశాను. మొక్క మెడ మట్టిలో పూడకూడదు. చుట్టూ పాదు చేసి ఎండాకులు మందంగా పరవండి, కాండానికి తగలకుండా. పొద్దున్నే ఊడ్చి కాల్చే ఆకుల్నే ఇక్కడ పోస్తే నేల తడి ఆరదు, కలుపూ లేవదు. మొదటి వేసవి మాత్రం నీళ్ళు పోయాల్సిందే. రోజూ చెంబెడు కాదు, మూడు నాలుగు రోజులకోసారి రెండు బిందెలు. పైపైన తడిపితే వేరు పైపైనే ఉంటుంది. ఆ ఒక్క వేసవి దాటించారా, గన్నేరూ కాగితం పూలూ మీ వంక చూడవు. మిగతావీ తక్కువతోనే సర్దుకుంటాయి.

చివరిగా ఎక్కడ కొనాలన్న ప్రశ్న. కడియం నర్సరీలకు పోండి, కంటికి పండగే. కానీ గోదావరి ఒండ్రు మట్టిలో, కాలవ నీళ్ళతో పెరిగిన మొక్క మీ నేలలో ఏం చేస్తుందో నాటితే గానీ తెలియదు. పక్కింటి వదినగారి పెరట్లో ఉన్నదానికి ఆ అనుమానం లేదు. మీ మట్టే, మీ బోరు నీళ్ళే, మీ ఎండే. నందివర్ధనం, గోరింట, అడ్డసరం, వావిలి, డిసెంబరాలు, మందారం, అన్నీ కొమ్మ నాటితే వచ్చేవే. వానాకాలంలో పెన్సిలు లావు కొమ్మ ఒక జానెడు అడిగి తెచ్చుకుని, కింది ఆకులు తీసి, నీడలో గుచ్చండి. కరివేపాకైతే కొమ్మ కాదు, పిలక అడగండి. ఒకటికి మూడు పెడితే ఒకటైనా నిలుస్తుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. తను ఇచ్చిన కొమ్మ ఎలా ఉందో చూడ్డానికి వదినగారు రోజూ వస్తారు, నీళ్ళు పోయకపోతే ఆవిడే పోసి వెళ్తారు. మీకు అయ్యే ఖర్చు ఒక కప్పు కాఫీ.